డిజైన్ మారిస్తే చాలదు, కార్డులూ మార్చాలి

నేను ఈ ట్రస్టు స్కాలర్‌షిప్‌తోనే కంప్యూటర్ చదువు పూర్తి చేశాను. నేను చేసిన ఒక పొరపాటు మీకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, మగ్గాల కార్మికులకు చద్దరుకింత చొప్పున వారం కూలీ లెక్కకట్టే ప్రోగ్రాం ‘సి’ భాషలో రాశాను. పరీక్షకు ముందు రాత్రి కూలీ రేటు మార్చాను. ఎన్నిసార్లు నడిపినా పాత రేటుతోనే లెక్క వచ్చింది. అర్ధరాత్రి దాటింది. ఈ చదువు నాకు రాదేమోనని భయం పట్టుకుంది. ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. అప్పుడే రెండో షిఫ్టు ముగించుకొని వచ్చిన నాన్నగారు సంగతి విని, “డిజైన్ మార్చినవ్ సరే, కార్డులు మార్చినవా బిడ్డా?” అన్నారు.

మన సోలాపూర్ చద్దరు సంగతి మీకు తెలిసిందే. పువ్వును ముందు గళ్ల కాగితం మీద వేస్తారు. దాన్ని చూసి కార్డులకు రంధ్రాలు కొడతారు. జకార్డు మగ్గం చదివేది కార్డులనే, కాగితాన్ని కాదు. పాత కార్డులే ఉంచితే పాత పువ్వే వస్తుంది.

కంప్యూటర్‌లోనూ అంతే. మనం రాసే సోర్స్ కోడ్ గళ్ల కాగితం వంటిది. కంపైలర్ దాని నుండి తయారుచేసే ‘.ఓ’ ఫైళ్లు కార్డుల వంటివి. ప్రతిసారీ అన్నీ తయారుచేస్తే ఆలస్యమవుతుంది. అందుకని ‘మేక్’ అనే సాధనం ఫైళ్ల తేదీ, సమయం చూసి, మారినవాటినే మళ్లీ తయారుచేస్తుంది. నేను రేటు మార్చింది హెడర్ ఫైల్‌లో. లెక్కకట్టే ఫైలు ఆ హెడర్ మీద ఆధారపడి ఉందని మేక్‌ఫైల్‌లో రాయలేదు. అందుకే పాత ‘.ఓ’ ఫైలు అలాగే ఉండిపోయింది. ‘మేక్ క్లీన్’ ఇచ్చి, తిరిగి బిల్డ్ చేయగానే లెక్క సరిపోయింది.

ఇది పెద్దవారికీ జరిగినదే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో ఒక ఇంజనీరు తప్పు దిద్దుకొని కూడా, ఆ ఫైలు కంపైల్ కాకపోవడం వల్ల, ఒక ఉదయమంతా సరైన ప్రోగ్రాంలో తప్పు వెతికారు. ఆ ఇబ్బంది చూసే సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ను తయారుచేశారు.

విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి:

1. దిద్దినా ఫలితం మారకపోతే, మీ తెలివిని శంకించే ముందు పాత బిల్డ్ ఫైళ్లు తొలగించి చూడండి.
2. తిరిగి తయారయ్యేవాటినే తొలగించండి. చేత్తో రాసినదాని జోలికి పోవద్దు. ముందుగా ఒక కాపీ తీసి ఉంచుకోండి.
3. ‘గిట్ క్లీన్’తో జాగ్రత్త. గిట్‌లో ఇంకా చేర్చని మీ కొత్త ఫైళ్లు కూడా పోతాయి. మొదట ‘-ఎన్’ జోడించి, ఏవి పోతాయో జాబితా చూసుకోండి.
4. శుభ్రం చేయగానే పని అయిపోలేదు. పాత ఫైలు ఎందుకు మిగిలిందో కనుక్కోండి. నేను మేక్‌ఫైల్‌లో ఆ ఒక్క వరుస చేర్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. కంప్యూటర్ మాకేం తెలుసని ఊరుకోకండి. పిల్లలు చిక్కులో ఉంటే పక్కన కూర్చొని ఒక మాట అడగండి. మగ్గం నేర్పిన తెలివి అక్కడా పనికివస్తుంది.