గ్లాసుడు చెరువు నీళ్లలో ఎవరెవరు?

రండర్రా, అరుగు మీద ఎండ తగిలే వైపు కూర్చోండి. ఈ గాజు గ్లాసులోవి మన మంచినీళ్ల చెరువు నీళ్లు. తాగడానికి కాదురోయ్, చూడ్డానికి తెచ్చాను. గ్లాసు ఎండకెదురుగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసుకుని చూడండి. నలకలు కనిపిస్తున్నాయా? అందులో ఒక్క నలకనే వదలకుండా చూడు చిన్నీ. నలకైతే అడుగుకి దిగిపోవాలి కదా? మరి ఇది పైకి గెంతుతోందే!

అలా గెంతి, అలిసిపోయినట్టు కాస్త జారి, మళ్లీ గెంతేది మోయినా. డాఫ్నియా అనే నీటిపురుగుకి దగ్గర చుట్టం. చల్లటి దేశాల చెరువుల్లో డాఫ్నియాలు బాగా పెద్దవి ఉంటాయి. మన ఎండలకీ, మన చేపల ఆకలికీ తట్టుకుని నిలిచేవి ఎక్కువగా ఇలాంటి పొట్టివాళ్లే. చేతులాడించి ఈదుతున్నట్టుంది గానీ అవి మీసాలు. ఇదిగో భూతద్దం, పెట్టి చూడండి. ఒంట్లో ఉన్నదంతా బయటికి కనిపిస్తుంది. టకటకా కొట్టుకునేది గుండె. పేగులో పచ్చగా ఉన్నది తిన్న నాచు. వీపున సంచిలో గుండ్రంగా ఉన్నవి పిల్లలు. ఇలా లోపలిదంతా కనబడే జీవి కాబట్టే మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త డాఫ్నియాని పట్టుకున్నాడు. దాని ఒంట్లోకి చొరబడ్డ ఈస్టు బీజాల్ని రక్తంలోని కణాలు చుట్టుముట్టి మింగెయ్యడం చూసి 1884లో రాశాడు. మనకి జ్వరమొస్తే తెల్ల రక్తకణాలు చేసే పనీ అదే. ఆ దారిలో నడిచిన పరిశోధనలకే 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇక, ఉన్నచోట మాయమై చటుక్కున మరోచోట తేలేది సైక్లోప్స్. దానిది ఒంటి కన్ను. ఆడదైతే తోకకి అటొకటి ఇటొకటి గుడ్ల సంచులు వేలాడుతుంటాయి. ఇంకా చిన్నవాళ్లు రోటిఫర్లు. ఇవి మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉంటాయి కాబట్టి బళ్లో మైక్రోస్కోపు అడగాలి. తల మీది సన్నటి నూగు వరసగా కదులుతుంటే చక్రం తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ నూగుతోనే నీటిని నోట్లోకి లాక్కుంటాయి. వీటన్నిటినీ కలిపి మీ పుస్తకంలో జంతుప్లవకాలు అని రాసి ఉంటుంది. పరీక్షకి ఆ మాట చాలు. మనకి మాత్రం ఎవరెవరున్నారో పేరుపేరునా కావాలి.

ఎందుకు కావాలంటారా? కొల్లేరు పక్క చేపల రైతునడగండి, చెబుతాడు. బొచ్చె నోరు ఎప్పుడైనా చూశారా? పైకి తిరిగి ఉంటుంది. పై నీళ్లలోని ఈ పురుగుల్ని మింగడానికే ఆ నోరు. శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది, ఎర్రమోసు అడుగు బురదలో వెతుక్కుంటుంది. అందుకే మూడింటినీ ఒకే చెరువులో పెంచినా ఒకదాని తిండికి ఒకటి పెద్దగా అడ్డురాదు. చేపపిల్ల వదిలేముందు రైతు సన్నటి వలగుడ్డలో యాభై లీటర్ల నీళ్లు పోయిస్తాడు. మిగిలినదాన్ని గాజు గొట్టంలో తేరనిస్తాడు. అడుగున ఒకటి రెండు మిల్లీలీటర్లు పేరుకుంటే పిల్లకి తిండి ఉన్నట్టే. లేకపోతే పేడ, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేస్తాడు. ఎరువు తిని నాచు పెరుగుతుంది, నాచుని పురుగులు తింటాయి, పురుగుల్ని చేపపిల్ల తింటుంది. తౌడు మేత ఎంత వేసినా, పొట్టి పిల్లకి మొదటి ముద్ద ఈ ప్రాణమున్న తిండే.

మరి అదే ఎరువు ఎవరూ అడక్కుండా, కొలవకుండా, ఊరి మురుగుతో వచ్చి మంచినీళ్ల చెరువులో పడితే? అసలు సంగతి ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. పెళ్లి భోజనాల్లో బంతి చూశారుగా. మంచి బంతిలో మేనత్తలుంటారు, బావమరుదులుంటారు, పొరుగూరి స్నేహితులుంటారు, పెట్టినదాంట్లో కూర నచ్చినవాడు కూరా, పెరుగు నచ్చినవాడు పెరుగూ తింటారు. అదే మరో పెళ్లిలో ఒక్క ఇంటివాళ్లే నూటయాభైమంది వచ్చి విస్తళ్లన్నీ ఆక్రమించారనుకోండి. తలలు లెక్కపెడితే పెళ్లి నిండుగా ఉన్నట్టే. కానీ మిగతా చుట్టాలంతా ఏమయ్యారు, ఎందుకు రాలేదు అని పెద్దవాళ్లకి అనుమానం వస్తుందా రాదా? చెరువులోనూ అంతే. మురుగు ముదిరిన నీళ్లలో పురుగులు తక్కువుంటాయని చాలామంది అనుకుంటారు. ఒక్కోసారి లెక్కకి మించి ఉంటాయి! తగ్గేది రకాలు. నీలిఆకుపచ్చ నాచు పోగులుపోగులుగా పెరిగి డాఫ్నియాల వడపోతకి అడ్డం పడుతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది. పెద్దవాళ్లూ సుకుమారులూ తప్పుకుంటారు. బ్రాకియోనస్ అనే రోటిఫర్లు మాత్రం ఏది దొరికితే అది తిని మందలుగా పెరుగుతాయి.

చెక్ దేశపు స్లాడెచెక్ అనే ఆయన 1983లో దీనికి ఒక తేలిక లెక్క చెప్పాడు. ఒక నీటిలో బ్రాకియోనస్ జాతులెన్ని, ట్రైకోసెర్కా అనే ఇంకో రోటిఫరు జాతులెన్ని? మొదటిదాన్ని రెండోదానితో భాగించు. ఒకటి కంటే తక్కువైతే నీళ్లలో ఎరువు తక్కువ, ఒకటికీ రెండుకీ మధ్య అయితే మధ్యరకం, రెండు దాటితే ఎరువెక్కిన నీళ్లు. లెక్క ముచ్చటగానే ఉంది గానీ నేను దీన్ని కళ్లు మూసుకుని నమ్మను. మనలాంటి వేడి దేశాల్లో బ్రాకియోనస్ జాతులు మామూలుగానే ఎక్కువ. చల్లటి ఊళ్లో కుట్టిన చొక్కా మనకి భుజాల దగ్గర కాస్త పట్టేస్తుంది. మన చెరువుని వేసవిలో, వానల్లో, చలికాలంలో చూసి, దాన్ని దాని పాత లెక్కతోనే పోల్చుకోవడం నయం.

ఆక్సిజన్ మీటరు పెట్టి చూస్తే సరిపోదా తాతయ్యా అంటావా? మీటరూ కావాలిరా. కానీ అది ముంచిన ఆ నిమిషం సంగతే చెబుతుంది. మధ్యాహ్నం నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంటే అంకె బ్రహ్మాండంగా ఉంటుంది. తెల్లవారుజామున అదే చెరువులో చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. పురుగులు రాత్రీ పగలూ అక్కడే ఉంటాయి కాబట్టి వారాల తరబడి జరిగింది వాటి ఒంటి మీద కనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో డాఫ్నియా, మోయినా హిమోగ్లోబిన్ ఎక్కువగా తయారుచేసుకుని ఎర్రబడతాయి. గ్లాసులో గెంతేవి గులాబీరంగులో ఉంటే అనుమానించండి.

కొల్లేటి పరిస్థితి మరీ చిక్కు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాకెక్కిన సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చినదంతా అందులో దిగాలి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. వేసవిలో నీరు తగ్గితే ఉప్పునీళ్లే ఎదురెక్కి వస్తాయి. అంటే అక్కడ మురుగు ఒకవైపు, ఉప్పు ఒకవైపు. ఉప్పుకి అలవాటుపడిన రోటిఫర్లు వేరు, మురుగుకి అలవాటుపడినవి వేరు. గ్లాసులో ఎవరున్నారో చూస్తే ఏ బాధ ఎక్కువైందో తెలిసే వీలుంది.

బ్రాకియోనస్‌ని తిట్టినట్టయింది గానీ, దాని తెలివి చెప్పకపోతే పాపం. ఆస్ప్లాంక్నా అనే పెద్ద రోటిఫరు దీన్ని మింగుతుంది. ఆ శత్రువు నుంచి కారే వాసన నీళ్లలో తగిలిందంటే చాలు, తల్లి పెట్టే గుడ్లలోంచి వచ్చే కూతుళ్లకి పొడుగాటి ముళ్లు మొలుస్తాయి. తల్లికి లేని ముళ్లు! మింగబోతే గొంతుకి అడ్డం పడతాయన్నమాట.

ఇంకో సరస్సు కథ. అమెరికాలో సియాటిల్ పక్కన లేక్ వాషింగ్టన్ ఉంది, మన తెలుగుపిల్లలు బోలెడుమంది ఆ చుట్టుపక్కలే ఉద్యోగాలు చేస్తున్నారు. 1950ల్లో చుట్టూ ఊళ్ల మురుగునీరు దాంట్లోకే వదిలేవారు. నాచు పట్టి నీళ్లు మసకబారాయి. ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసరు, బడిరోజుల నుంచే రోటిఫర్ల పిచ్చివాడు, ఫాస్ఫరస్ ఆపితే సరస్సు తేరుకుంటుందని లెక్కగట్టి చెప్పాడు. జనం ఓట్లేసి, డబ్బు పెట్టి, 1963 నుంచి 1968 లోపు మురుగుని దారి మళ్లించారు. నీళ్లు తేరాయి. అక్కడితో అయిపోయిందనుకున్నారు. 1976లో డాఫ్నియాలు ఒక్కసారిగా విరగబడి వచ్చి, నాచుని వడగట్టి తినేస్తే నీళ్లు ఇంకో రెండింతలు తేటపడ్డాయి! వడపోతకి అడ్డంపడే నాచు పోగులు పోయాయి. డాఫ్నియాల్ని తినే చిన్న రొయ్యలూ అప్పటికి తగ్గాయి. మనుషులు సగం శుభ్రం చేస్తే మిగతా సగం ఈ వేలెడంత కూడా లేనివాళ్లు చేశారు.

అలాగని ముద్దొచ్చి తాగెయ్యకండి. సైక్లోప్స్ కడుపులో నారిపురుగు పిల్ల ఉంటే, ఆ నీళ్లు తాగినవాడి ఒంట్లో అది ఏడాది పెరిగి, గజం పొడుగు పురుగై కాలు చీల్చుకుని బయటికొచ్చేది. అదే నారికురుపు. దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే ఊళ్లని పీడించింది, మన ఆంధ్రదేశంలో కూడా. మందు లేదు, టీకా లేదు. నీళ్లు వడకట్టుకోవడం, పుండున్నవాళ్లు బావిలో దిగకుండా చూడడం, అంతే. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో దేశానికి విముక్తి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మీ మామ్మ బిందె మూతికి పాతచీర మడతపెట్టి కట్టేది, గుర్తుందా? కలరా క్రిములు సైక్లోప్స్ లాంటివాటిని అంటిపెట్టుకుని బతుకుతాయని కనిపెట్టిన రీటా కోల్‌వెల్ బంగ్లాదేశ్ పల్లెల్లో ఈ పద్ధతినే పరీక్షించింది. నాలుగు మడతల చీరతో వడగడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో రాశారు. కొత్త చీర కంటే పాతదే మేలట, ఉతికి ఉతికి నూలు విచ్చుకుని సందులు పూడతాయి కాబట్టి. కాచి తాగితే ఇంకా మంచిదనుకోండి.

వేసవిలో చెరువు నెర్రెలిచ్చాక ఇవన్నీ ఎక్కడికిపోతాయని అడుగుతావేంరా? బురదలోకే. మంచిరోజుల్లో మోయినా, డాఫ్నియా ఆడవే, మగ తోడు లేకుండా పిల్లల్ని కంటాయి. నీళ్లు తగ్గే సూచన తగిలితే మగపిల్లలు పుడతారు, అప్పుడు గట్టి పెంకు గుడ్లు తయారవుతాయి. అవి ఎండినా చావవు. అమెరికాలో మిన్నెసోటా సరస్సు అడుగు మట్టిలోంచి తీసిన సుమారు 700 ఏళ్ల నాటి డాఫ్నియా గుడ్లు పిల్లలయ్యాయి. రోటిఫరైతే గుడ్డుగా కూడా కాదు, తనే సైబీరియా మంచుమట్టిలో 24,000 ఏళ్లు పడుకుని, కరిగించాక లేచి పిల్లల్ని పెట్టిందని 2021లో ప్రకటించారు.

అందుకే చెరువు పూడిక తీస్తుంటే నాకో ఆలోచన వస్తుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక వేల చెరువుల మట్టి ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకున్నారు, బలమైన మట్టి కదా. ఆ మట్టితో ఈ గుడ్లూ వెళ్లే ఉంటాయి. ఏ పత్తిచేలో అయినా వానకి వారం పాటు నీళ్లు నిలిచి, గుంటలో మోయినాలు గెంతుతూ కనబడితే నేనేం ఆశ్చర్యపోను. ఆ రైతుకి మాత్రం సంబరంగా చెప్పబోకండి. పాపం అతని ధ్యాసంతా ఆ నీళ్లు ఎప్పుడు దిగుతాయా అనే.