కరవు సీమ మహిళల ఎముకలకు రక్ష: సోయా మాత్రలా, రాగి సంగటా?

అనంతపురం పీఠభూమిలో సాలుసరి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మెట్ట ప్రాంతంలో వ్యవసాయ కూలీ పనులలో మహిళల పాత్ర అధికం. నడివయస్సు దాటిన మహిళకు తుంటి ఎముక విరిగితే ఆ కుటుంబం ఒక సంపాదనపరురాలి ఆసరాను కోల్పోతుంది. కావున రుతువిరతి దశలో ఎముకల రక్షణ ఆరోగ్య సమస్యే గాక జీవనోపాధి సమస్య కూడా.

ఎముకలు ఎందుకు గుల్లబారుతాయి?

ఎముకల అరుగుదలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్ హార్మోన్. ముట్లుడిగిన అనంతరం ఇది తగ్గిపోవుటచే తొలి ఐదు నుంచి ఏడు సంవత్సరాలలో ఎముకల సాంద్రత 20 శాతం వరకు తగ్గవచ్చు. దీని పర్యవసానమే ఆస్టియోపోరోసిస్ అనే బోలు ఎముకల వ్యాధి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ముప్పునకు మరొక కారణం ఉన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 సంవత్సరాల మహిళలలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స జరిగినవారు దేశంలో సుమారు 3 శాతం కాగా, రాష్ట్రంలో దాదాపు 9 శాతం. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తొలగించినచో ఎముకల క్షీణత వెంటనే ఆరంభమవుతుంది.

వృక్ష ఈస్ట్రోజెన్లు

సోయాలోని ఐసోఫ్లేవోన్లు, అవిసె గింజలలోని లిగ్నాన్లు శరీరంలో ఈస్ట్రోజెన్‌ను పోలిన స్వల్ప ప్రభావం చూపగలవు. అయితే వీటిని ఎముకలకు ఔషధంగా పరిగణించుటకు ఆధారాలు చాలవు. అమెరికాలోని మయామీలో 248 మంది మహిళలపై జరిగి 2011లో ప్రచురితమైన పరిశోధనలో, రెండేళ్లపాటు రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు ఇచ్చినప్పటికీ ఎముకల క్షీణత ఆగలేదు. జిల్లా ప్రధాన పంట వేరుశనగలో ఈ పదార్థాలు సోయాతో పోల్చితే అత్యల్పం. సోయా ఆహారంగా మంచిదే గాని, మాత్రల కొరకు పేద కుటుంబాలు సొమ్ము వెచ్చించుట అనవసరం.

స్థానిక ఆహారమే బలం

వయోజన మహిళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ పోషకాహార సంస్థ సూచించాయి. వంద గ్రాముల రాగులలో సుమారు 360, ఉలవలలో సుమారు 270, మునగాకులో 300కు పైగా మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. బియ్యంలో ఇది 10 మిల్లీగ్రాములలోపే. వేరుశనగ సాగు విస్తరించుట, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రాకతో వరి అన్నం అందుబాటులోకి వచ్చుట వంటి కారణాలచే సంగటి వాడకం తగ్గింది. రాగులను నానబెట్టి మొలకెత్తించినచో కాల్షియంను అడ్డగించే ఫైటేట్లు తగ్గుతాయి.

ఎండ మెండుగా ఉన్నంత మాత్రాన విటమిన్ డి లోపం ఉండదనుకొనరాదు. తిరుపతిలో రుతువిరతి దాటిన మహిళలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అత్యధికులలో ఈ లోపం బయటపడింది. ఇక భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న గ్రామాలలో కాల్షియం కొరత ఎముకల నష్టాన్ని మరింత పెంచుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ గల నీరు త్రాగుటకు పనికిరాదు.

తీసుకోవలసిన చర్యలు

చిన్న వయస్సులో అండాశయాలు తొలగించినవారిని, చిన్నపాటి పాటుకే ఎముక విరిగినవారిని క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది గుర్తించి వైద్యుల వద్దకు పంపవలెను. ఎముకల సాంద్రతను డెక్సా పరీక్ష ద్వారా నిర్ధారించవచ్చు. వైద్యులు సూచించిన మందులకు వృక్ష ఈస్ట్రోజెన్లు ప్రత్యామ్నాయం కావు. సంగటి, ఉలవలు, ఆకుకూరలు, పాలు, సురక్షిత త్రాగునీరు ఎముకలకు తొలి రక్షణ కవచమని గ్రామీణ మహిళలకు తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.