గన్నేరును పెంచండి, గుణమెరిగి పెంచండి

వేసవి ముదిరి పెరటిలోని మొక్కలన్నీ తలలు వాల్చిన వేళలోనూ ఆకు రాల్చక, పూత మానక నిలిచే పొద గన్నేరు. తెల్లనివి, ఎర్రనివి, గులాబి రంగువి, ఒంటిరేకులవి, ముద్దపూలవి అని ఇందులో ఎన్నో రకాలు. ఎండకు, దుమ్ముకు, నీటి కొరతకు ఓర్చుకొంటుంది. రహదారుల నడిమి గట్లపై దీనిని విరివిగా నాటడం అందుకే. ఇంత అందమూ ఇంత ఓర్పూ ఉన్న మొక్కను పెంచవద్దని నేను చెప్పను. అయితే ఎలా పెంచాలో చెప్పేముందు నా వలన జరిగిన ఒక లోపాన్ని పాఠకుల ముందుంచడం నా ధర్మం.

2011వ సంవత్సరం శ్రావణమాసంలో, ఒక ఉదయం, మా వీధి చివరి ఇంటి ఇల్లాలు పరుగున వచ్చింది. "అయ్యగారూ, మా మామగారు తెల్లవారి నుండి వాంతులతో సొమ్మసిల్లిపోతున్నారు, ఒక్కసారి రండి" అన్నది. వెళ్లి నాడి పట్టి చూచాను. నిమిషానికి నలభై కూడా లేదు; అదీ మధ్యమధ్య ఆగి నడుస్తున్నది. ఏమి తీసుకొన్నారని అడిగితే, "మధుమేహానికి గన్నేరాకు కషాయం మంచిదని ఎవరో చెప్పారట, పెరట్లో ఉంది కదా అని కాచి తాగారు" అన్నారు. ఆ చెప్పినవారి మనసులో ఉన్నది బిళ్లగన్నేరు. పెరట్లో ఉన్నది గన్నేరు. ఆ పొదకు కొమ్మ ఇచ్చినవాడిని నేనే. ఇచ్చేటప్పుడు పూల అందం గురించి చాలాసేపు చెప్పాను గాని, దాని విషగుణం గురించి ఒక్క మాట చెప్పలేదు.

నా పెట్టెలో ఆ స్థితికి తగిన ఔషధం లేదు. ఆ మాట నిస్సంకోచంగా చెప్పి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లాము. నాలుగు రోజులు హృదయ చికిత్సా విభాగంలో ఉండి ఆ పెద్దమనిషి కోలుకొన్నారు. ఇంటికి వచ్చాక, "కొమ్మ ఇచ్చారు గాని సంగతి చెప్పలేదేమండీ" అని నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వుకు నేటికీ నా వద్ద సమాధానం లేదు.

పేరు ఒకటే, మొక్కలు మూడు

పొడవైన సన్నని ఆకులు కణుపుకు మూడేసి చొప్పున ఉండేది గన్నేరు. సంస్కృతంలో కరవీరం. పసుపుపచ్చని గంట వంటి పూలు, ఆకుపచ్చని కాయలు ఉండేది పచ్చగన్నేరు. దీని కాయలోని గింజ మరీ ప్రమాదకరం. మోకాలెత్తున పెరిగి, గులాబి లేదా తెల్లని పూలు పూచేది బిళ్లగన్నేరు. దీని నుండి క్యాన్సరు చికిత్సలో వాడే మందులు తీస్తారు. కనుక దీనిని కూడా ఇంటిలో కాచి తాగరాదు. మూడింటిలో ఏదీ వంటింటి వైద్యానికి పనికిరాదని గుర్తుంచుకొంటే చాలు.

శాస్త్రం ఏమన్నది?

గురుకులంలో ఓషధుల తోట కంచె లోపల ఉండేది. గన్నేరు మాత్రం కంచె వెలుపల ఉండేది. కారణమడిగితే మా గురువుగారు, "నాయనా, దాని మరో పేరు చెప్పు" అన్నారు. "అశ్వమారకం" అన్నాను. "గుర్రాన్ని చంపేదానికి మనిషి ఒక లెక్కా?" అన్నారు. చరకుడు కరవీరాన్ని కుష్ఠఘ్న ద్రవ్యాలలో చేర్చాడు. సుశ్రుతుడు వేరులో విషమున్న ద్రవ్యాలలో చెప్పాడు. రెండూ సత్యమే. తరువాతి గ్రంథాలు దీనిని ఉపవిషాలలో లెక్కించి, గోక్షీరంలో శోధించిన పిమ్మటనే వాడాలని నియమించాయి. ఆ శోధన వైద్యుని పని, గృహిణి పని కాదు. నేటి ఔషధ చట్ట నియమాలలోని విషద్రవ్యాల జాబితాలోనూ కరవీరం ఉన్నది.

ఇందులోని ఒలియాండ్రిన్ వంటి పదార్థాలు గుండె కొట్టుకొనే తీరును చెడగొడతాయి. వేరు, బెరడు, ఆకు, పువ్వు, గింజ అన్నింటా విషమే. ఎండినా, ఉడికించినా పోదు.

పెంచే విధానం

తొలకరి తరువాత, పెన్సిలు లావున, జానెడు పొడవున ముదిరీ ముదరని కొమ్మను కోసి, క్రింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో నాటండి. నెల రోజులలో వేళ్లు వస్తాయి. అడుగున్నర లోతు గోతిలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక నింపి అందులోకి మార్చండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. నీడన పూత తగ్గుతుంది. నీరు నిలువరాదు. మొదటి ఏడాది వారానికి రెండుసార్లు నీరు పోస్తే, ఆపై పెద్దగా శ్రమ ఉండదు. కంచెగా నాటితే మొక్కకూ మొక్కకూ అయిదారడుగుల ఎడం ఉంచండి. పూలు కొత్త చిగుళ్లపైనే వస్తాయి గనుక, ఒక విడత పూత ముగియగానే కొమ్మల చివరలు కత్తిరించండి. చిగుళ్లకు పసుపురంగు పేనుబంక పడితే సబ్బునీటిని చల్లితే పోతుంది.

మరువరాని జాగ్రత్తలు

పాకే పిల్లలు, అన్నీ నోట పెట్టుకొనే పసివారు ఉన్న ఇంట ఈ మొక్క వద్దు. ఆ ఇంటికి మందారం చాలు. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకొని, పని కాగానే సబ్బుతో కడుగుకొనండి. కత్తిరించిన కొమ్మలను కాల్చరాదు, పొయ్యిలో పెట్టరాదు. పొగ కూడా హాని చేస్తుంది. పచ్చి ఆకును చేదువలన పశువులు సాధారణంగా ముట్టవు గాని, ఎండిన ఆకు మేతలో కలిస్తే తింటాయి. కనుక కొట్టానికి దూరంగా నాటండి. పుల్లలను పళ్లు తోముకొనడానికి వాడకండి. పూజకు పూలు సమర్పించవచ్చును గాని తీర్థపాత్రలో, నైవేద్యంపై వేయకండి. కేరళలో అరళి అని పిలిచే ఈ పూలను నైవేద్య ప్రసాదాలలో వాడరాదని 2024 మే నెలలో అక్కడి ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు నిర్ణయించింది.

ఎవరైనా పొరపాటున తింటే వాంతులు, కడుపునొప్పి, తలతిరుగుడు, నాడి మందగించడం కనిపిస్తాయి. లక్షణాలు వచ్చేదాకా ఆగకండి. ఉప్పునీరు పోసి వాంతి చేయించడం, పాలు పట్టి కాలయాపన చేయడం తగదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. తిన్న మొక్క కొమ్మను వెంట తీసుకొని వెళ్లి వైద్యునికి చూపండి.

మా ప్రహరీ ప్రక్కన గన్నేరు నేటికీ పూస్తున్నది. ఇరుగుపొరుగు వారు కొమ్మ అడిగితే ఇప్పటికీ ఇస్తాను. అయితే ముందుగా దాని గుణం చెప్పి, వారిచేత తిరిగి చెప్పించుకొని, ఆ తరువాతనే కత్తెర చేతబడతాను. మీరు కూడా అలాగే ఇవ్వండి.