తలుపు తెరుచుకునే వరకు...

లూకా వైద్యుడని మనకెలా తెలుసు? పౌలు కొలొస్సయి సంఘానికి రాస్తూ చివరి శుభవచనాల్లో ఆ మాట అన్నాడు గనుక (4:14). సువార్త, అపొస్తలుల కార్యములు అంత వివరంగా రాసిన లూకా తన వైద్యం గురించి మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు. దేవుని పనిలో కరిగిపోయిన వైద్యులు చాలామందిది ఇదే తీరు. మన తెలుగు నేలమీద అలా జీవించిన ఒక స్త్రీ గురించి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించారు. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పొందారు. ఆ కాలంలో మన వైపు ఘోషా స్త్రీలు ప్రాణం మీదికొచ్చినా మగ డాక్టరుకు చెయ్యి చూపించేవారు కారు. వారికోసం వెళ్తానని ఆమె లూథరన్ మిషన్‌ను అడిగారు. కానీ వైద్య పరిచర్యకు మిషన్ అప్పటికింకా సిద్ధంగా లేదు. వెళ్లాలంటే జనానాల్లోని స్త్రీలకు చదువు చెప్పే పని మీద వెళ్లాలన్నారు.

డాక్టరు చదువు చదివి అక్షరాలు దిద్దించడమా? ఆమె అలా అనుకోలేదు. 1883 నవంబరులో గుంటూరు చేరారు. ఒకవైపు పాఠాలు చెబుతూనే, మరోవైపు తన దగ్గరికొచ్చిన రోగులకు మందులిచ్చారు. విదేశీయురాలు ముట్టుకుంటే మైలపడతామని చాలా ఇళ్లవారు జంకేవారు. ఆమె నొచ్చుకుని వెనక్కి వెళ్లలేదు. 1885 చివరికి గానీ మిషన్ ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు. స్త్రీల కోసం, పిల్లల కోసం ఆమె కలగన్న ఆసుపత్రి 1898లో గుంటూరులో తెరుచుకుంది. అంటే వచ్చిన దాదాపు 15 ఏళ్లకు! తర్వాతి కాలంలో అదే కుగ్లర్ ఆసుపత్రి అయింది.

తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు బహద్దూర్ ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చే బంధువులు తలదాచుకోవడానికి! మైల అని జంకిన సమాజమే చివరికి ఆమెకు తోడుగా నిలబడింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు.

అల్పమైన ఆరంభాన్ని తృణీకరించవద్దని జెకర్యా ప్రవక్త ద్వారా దేవుడు హెచ్చరించాడు (4:10). మనమైతే మనకు తగిన స్థానం దొరికితేనే సేవ చేస్తామంటాం. కమిటీలో చోటివ్వలేదని, స్టేజీ మీద కుర్చీ వేయలేదని అలిగి సంఘాన్నే వదిలేస్తాం. కుగ్లరమ్మ అలిగి ఓడెక్కి వెళ్లిపోయి ఉంటే ఎంతమంది తల్లులు కాన్పులోనే కడతేరేవారో!

మన విశాఖ సంగతికి వద్దాం. 1923 నుంచి వైద్య కళాశాల ఉన్న నగరం మనది. డాక్టర్లకు కొదవలేదు. అయినా ఒక రాత్రి కేజీహెచ్‌కు వెళ్లి చూడండి. పాడేరు, అరకు కొండల నుంచి రోగిని తెచ్చుకున్నవారు వార్డుల బయట గోనెపట్టా పరుచుకుని పడుకుని ఉంటారు. ఏ చీటీ ఎక్కడ చూపించాలో కూడా వారికి తెలియదు. పోర్టులో, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగాలు చేసే విశ్వాసులతో మన ఆరాధనలు కిక్కిరిసిపోతున్నాయి. గుడికి పాలరాయి వేయిస్తున్నాం, సౌండ్ సిస్టం మారుస్తున్నాం. ఆ వరండాలో ఉన్నవారికి మాత్రం వేడి అన్నం, ఒక దుప్పటి ఇవ్వలేకపోతున్నాం. ఈ తప్పులో పాస్టర్లమైన మాదే మొదటి వంతు. స్వస్థత కూటాలకు వేసినన్ని పోస్టర్లు రోగుల పరామర్శకు మేమెన్నడూ వేయలేదు.

క్రీస్తును ఇంకా ఒప్పుకోని ఒక జమీందారు రోగుల బంధువుల కోసం సత్రం కట్టించాడు. క్రీస్తు పేరు పెట్టుకున్న మనమేం కట్టాం? మంచి సమరయుడు వైద్యం చదవలేదు. తన దగ్గరున్న నూనె, ద్రాక్షారసం పోశాడు, సత్రం ఖర్చు భరించాడు, అంతే (లూకా 10). మన చేతిలో ఉన్నదేమిటో, ఈ వారం ఎవరి గాయం మీద దాన్ని పోస్తామో ప్రభువు సన్నిధిలో ఆలోచించుకుందాం. తలుపులు ఆయనే తెరుస్తాడు. ఆమేన్.