గల్లీ నుంచి కౌన్సిల్ హాలు దాకా

2021 మార్చి 14న ఆంధ్రప్రదేశ్ పురపాలక ఎన్నికల ఓట్లు లెక్కించారు. రాష్ట్రమంతా ఫలితాలు వైఎస్సార్‌సీపీ వైపే మొగ్గాయి. తాడిపత్రిలో మాత్రం లెక్క తెగలేదు. మొత్తం 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైఎస్సార్‌సీపీకి 16 వచ్చాయి. సీపీఐ ఒకటి, స్వతంత్ర అభ్యర్థి ఒకటి గెలిచారు. చైర్మన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లే. వాళ్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఓటుంటుంది. ఆ రెండు ఓట్లూ వైఎస్సార్‌సీపీకి కలిస్తే రెండు పార్టీలూ 18 దగ్గర సమానం. ఇక మిగిలినవాళ్లు ఇద్దరే. రెండు వార్డుల ప్రతినిధులు ఎటు నిలబడితే పట్టణం అటు. వాళ్లు తెలుగుదేశం వైపు నిలిచారు. జేసీ ప్రభాకర్‌రెడ్డి మున్సిపల్ చైర్మన్ అయ్యారు. అంతకుముందు ఐదేళ్లు ఎమ్మెల్యేగా ఉన్న నాయకుడు ఒక వార్డులో కౌన్సిలర్‌గా పోటీకి దిగారంటే ఆ పదవి బరువెంతో తెలుస్తుంది.

ఓటరుకు మాత్రం ఆ బరువు ఇంకా పూర్తిగా అందలేదు. గ్రేటర్ హైదరాబాద్‌లో 2009లో, 2016లో, 2020లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగితే పోలింగ్ ఒక్కసారి కూడా సగానికి చేరలేదు. 2020లో అది సుమారు 46 శాతం. ఇంటి ముందు చెత్త, తాగే నీళ్లు, నడిచే రోడ్డు, రాత్రి వెలగాల్సిన దీపం, కట్టాల్సిన పన్ను అన్నీ ఈ ఎన్నికతోనే ముడిపడి ఉన్నా, నగరంలో సగం మందికి పైగా ఆ రోజును సెలవుగానే గడిపేశారు.

కౌన్సిలర్ అంటే ఎవరు? 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనను మూడు రకాలుగా విడదీసింది. పల్లె నుంచి పట్నంగా మారుతున్న ఊరికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి కార్పొరేషన్. మొదటి రెండింటిలో వార్డు ప్రతినిధిని కౌన్సిలర్ అంటారు. కార్పొరేషన్‌లో కార్పొరేటర్ అంటారు. ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 ఏళ్లుండాలి, ఇక్కడ 21 నిండితే చాలు. పంచాయతీ సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు, మున్సిపల్ ఎన్నికకు ఉంటాయి. అందుకే నామినేషన్ల గడువు దగ్గర పడేకొద్దీ అందరి నోటా ఒకటే మాట: పార్టీ గుర్తు ఇప్పించే బీ ఫారం ఎవరికి?

బీ ఫారం దక్కనివాళ్లు కొందరు రెబెల్‌గా నిలబడతారు. వాళ్లను బుజ్జగించడానికి ఉపసంహరణ గడువు ముగిసేదాకా పెద్ద నాయకుల ఇళ్లలో మంతనాలు సాగుతాయి. ఆ తర్వాతే అసలు ప్రచారం. చిన్న మున్సిపాలిటీలో ఒక వార్డు ఓట్లు కొద్ది వేలకు మించవు. పెద్ద సభలతో, హెలికాప్టర్లతో ఇక్కడ పని లేదు. ఓటర్ల జాబితా చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయి, ఎవరు అద్దె ఇల్లు మారారు, ఏ పిల్లవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పోలింగ్ రోజుకు వస్తాడా రాడా అన్నీ గుర్తుండాలి. "అక్కా, ఈసారి మనకే వెయ్యాలి" అని చేతులు జోడిస్తే, ఆ అక్క ముందు గుమ్మం పక్కన నిండిపోయిన కాల్వ చూపిస్తుంది. "ముందు ఇది తీయించు నాయనా" అంటుంది. ఈ రెండు మాటల మధ్యే వార్డు ఎన్నిక మొత్తం నడుస్తుంది.

ఓట్ల తేడా ఎంత సన్నగా ఉండగలదో గ్రేటర్ హైదరాబాద్ లాంటి మహానగరం కూడా చూపించింది. 2020లో అక్కడ 74 లక్షలకు పైగా ఓటర్లు, 150 డివిజన్లు. సగటున డివిజన్‌కు దాదాపు 50 వేల మంది. అయినా బీఎన్ రెడ్డి నగర్ డివిజన్ ఫలితాన్ని తేల్చింది 32 ఓట్లు. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లంతా పోలింగ్‌కు వచ్చి ఉంటే, లేదా రాకుండా ఉండి ఉంటే, ఫలితం తారుమారయ్యేది.

ఖర్చుకు చట్టం గీత గీసింది. 2020లో తెలంగాణలో మున్సిపల్ వార్డుకు లక్ష రూపాయలు, కార్పొరేషన్ డివిజన్‌కు లక్షన్నర, గ్రేటర్ హైదరాబాద్‌లో 5 లక్షలు పరిమితి. ఓడినా గెలిచినా లెక్కలు అప్పగించాలి. చాలాచోట్ల అసలు ఖర్చు ఆ గీత దాటిపోతుందన్నది పట్టణాల్లో అందరూ అనుకునే మాట. కౌన్సిలర్‌కు వచ్చే గౌరవ వేతనం నెలకు కొద్ది వేల రూపాయలే. అప్పు చేసి గెలిచిన మనిషి ఆ అప్పు ఎలా తీరుస్తాడన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇంటి ప్లానుకు అనుమతి దగ్గరా, వార్డులో జరిగే కాంట్రాక్టు పని దగ్గరా జనం ఎదుర్కొనే ఒత్తిళ్లకు వేర్లు చాలాసార్లు ప్రచార ఖర్చులోనే ఉంటాయి. నోటు తీసుకుని ఓటేసిన వార్డు ఆ మొత్తాన్ని ఐదేళ్ల పాటు వడ్డీతో కడుతుంది.

డబ్బు కన్నా నిలకడగా పనిచేసే పద్ధతి మరొకటుంది. ఏడాది పొడవునా అందుబాటులో ఉండటం. హైదరాబాద్ పాతబస్తీ రాజకీయాల్లో మజ్లిస్ పార్టీ దీన్ని ఒక ఏర్పాటుగా మార్చుకుంది. పార్టీ కార్యాలయం దారుస్సలాంలో ఎమ్మెల్యేలూ కార్పొరేటర్లూ కూర్చుని జనం అర్జీలు తీసుకోవడం అక్కడ ఏళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. గ్రేటర్‌లో ఆ పార్టీ గెలిచిన డివిజన్లు 2009లో 43, 2016లో 44, 2020లో మళ్లీ 44. అదే పదకొండేళ్లలో మిగతా పార్టీల బలం తలకిందులైంది. 2009లో 52 డివిజన్లు గెలిచిన కాంగ్రెస్ 2020లో రెండింటికి పడిపోయింది. 2016లో నాలుగే గెలిచిన బీజేపీ 48కి ఎగబాకింది. మజ్లిస్ రాజకీయాలతో ఏకీభవించినా లేకున్నా, రోజూ తలుపు తెరిచి ఉంచితే వార్డు ఓటు చెదరదన్న సంగతి ఈ అంకెల్లో కనిపిస్తుంది.

గెలిచాక కౌన్సిలర్ ఫోన్ తెల్లవారకముందే మోగుతుంది. చెత్త బండి రాలేదు. మూల మీద దీపం వెలగడం లేదు. కుక్కలు పిల్లల్ని వెంటాడుతున్నాయి. పింఛను ఆగిపోయింది. ఇందులో కొన్ని అసలు మున్సిపాలిటీ పనులే కావు. కరెంటు పోతే చూడాల్సింది విద్యుత్ పంపిణీ సంస్థ. హైదరాబాద్‌లో మంచినీళ్లూ మురుగు పైపులూ 1989లో ఏర్పడిన జలమండలి కిందికి వస్తాయి. ఫోన్ చేసినవాళ్లకు ఆ తేడాతో పనిలేదు. కార్పొరేటరే ఆ శాఖల చుట్టూ తిరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న సచివాలయాల వ్యవస్థ వచ్చాక పట్టణాల్లో సుమారు 4,000 జనాభాకు ఒక వార్డు సచివాలయం ఏర్పడింది. ధ్రువపత్రాల కోసం, పథకాల కోసం జనం నేరుగా అక్కడికే వెళ్లడం మొదలైంది. సేవలు దగ్గరయ్యాయి. కౌన్సిలర్ సంతకం కోసం ఎదురుచూసే పనులు తగ్గాయి. చాలామంది ఎన్నికైన ప్రతినిధులు తమ పాత్ర ఏమిటని అడగడమూ అప్పుడే మొదలైంది.

ఆ ప్రశ్నకు జవాబు కౌన్సిల్ హాలులో ఉంది.

సమావేశానికి ముందు ప్రతి సభ్యుడికీ ఎజెండా అందుతుంది. అందులో వరస నంబర్లతో అంశాలుంటాయి: ఫలానా వీధిలో సిమెంటు రోడ్డుకు అంచనా, ఫలానా పనికి టెండరు ఆమోదం, పారిశుద్ధ్య కార్మికుల కాంట్రాక్టు పొడిగింపు, మార్కెట్ దుకాణాల వేలం, అత్యవసరం పేరుతో ముందే చేసేసిన పనులకు ర్యాటిఫికేషన్. అప్పటికప్పుడు టేబుల్ ఎజెండా కింద వచ్చి పడేవీ ఉంటాయి. శ్రద్ధగా చదివిన సభ్యుడు అంచనా ఎందుకు పెరిగిందని అడుగుతాడు. ఒప్పుకోకపోతే తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించుకుంటాడు. చదవని సభ్యుడు చెయ్యెత్తుతాడు. లక్షల రూపాయల అంశాలు కొన్ని నిమిషాల్లో గట్టెక్కేది అలాగే. కాల్వ తీయించిన కౌన్సిలర్ జనానికి గుర్తుంటాడు. కాల్వ తీసే కాంట్రాక్టు రేటు మీద నిలదీసిన కౌన్సిలర్ పేరు ఎవరికీ తెలియదు. వార్డుకు ఎక్కువ మేలు చేసింది రెండో మనిషే.

కౌన్సిల్ హాలులో ఖర్చుకు ఆమోదం పొందేది జనం కట్టిన పన్నే. పన్నుకూ ప్రాతినిధ్యానికీ ఉన్న ఈ ముడి కోసం తెలుగు నేల మీద ఒక ఊరే కదిలింది. చీరాల, పేరాల గ్రామాలను బ్రిటిష్ ప్రభుత్వం కలిపి మున్సిపాలిటీ చేసింది. 4,000 రూపాయలున్న పన్నుల భారం 40,000కు చేరింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాది మంది ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. అడగకుండా వేసిన పన్నుకు అది వాళ్ల జవాబు. ఆ తరం నాయకుల్లో చాలామంది మున్సిపాలిటీల్లో పని నేర్చుకున్నవాళ్లే. టంగుటూరి ప్రకాశం రాజమండ్రికి, సర్దార్ పటేల్ అహ్మదాబాద్‌కు, నెహ్రూ అలహాబాద్‌కు పురపాలక అధ్యక్షులుగా ఉన్నారు.

ఈనాటి కౌన్సిళ్లలో సగం కుర్చీలు మహిళలవి. రాజ్యాంగం మూడో వంతు అంటే, రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని 50 శాతానికి పెంచాయి. గ్రేటర్ హైదరాబాద్‌కు 2009లో తొలి మేయర్ బండ కార్తీకరెడ్డి. 2021లో అక్కడ మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ మహిళలే. అదే ఏడాది విశాఖపట్నానికి గొలగాని హరి వెంకట కుమారి, విజయవాడకు రాయన భాగ్యలక్ష్మి మేయర్లయ్యారు. మరోపక్క చాలా వార్డుల్లో ఫ్లెక్సీ మీద మహిళా కౌన్సిలర్ ఫొటో ఉంటుంది, ఫోన్ నంబరు మాత్రం భర్తది. అధికారులు ఆయనతోనే మాట్లాడతారు. ఇది ఆమెను ఎన్నుకున్న ఓటుకు జరిగే అన్యాయం. కౌన్సిల్ హాలులోకి భర్తకు ప్రవేశం లేదు. అక్కడ ఎజెండా చదివి మాట్లాడాల్సింది ఆమే. ఒకటి రెండు సమావేశాలు నిలబడిన మహిళలు తర్వాత ఫోన్ కూడా తామే ఎత్తుతారు. ఓటర్లు చేయగలిగిన సాయం ఒకటుంది: ఫిర్యాదు ఎప్పుడైనా ఆమెకే చెప్పాలి.

అసలు కౌన్సిలరే లేని కాలం అన్నిటికన్నా చెడ్డది. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం చెబుతోంది. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అయినా విశాఖపట్నంలో 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, మళ్లీ 98 వార్డులకు ఎన్నిక జరిగింది 2021లో. మధ్యలో తొమ్మిదేళ్లు. హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన 2014లో కూడా ఆ మహానగరంలో వార్డు తరఫున అడగడానికి ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు. తెలంగాణలో 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల గడువు ముగిసినప్పుడూ ప్రత్యేకాధికారులే వచ్చారు. అధికారి ఎంత సమర్థుడైనా ఆయనకు వందల ఫైళ్లుంటాయి. వార్డు ఆయన కంటికి మ్యాపులో ఒక గీత. ఇంటి మనిషిలా తలుపు తట్టి అడిగే చోటు జనానికి పోతుంది.

కౌన్సిలర్ పనితీరును ఓటరు ఐదేళ్లకోసారి మాత్రమే తూచాల్సిన అవసరం లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో మున్సిపాలిటీ జవాబివ్వాలి. గత ఏడాది వార్డులో ఏయే పనులు మంజూరయ్యాయి, ఒక్కో దాని అంచనా ఎంత, కాంట్రాక్టరు ఎవరు, బిల్లు ఎంత చెల్లించారు అని అడగవచ్చు. కౌన్సిల్ సమావేశాల మినిట్స్ నకలు తీసుకోవచ్చు. మన కౌన్సిలర్ ఎన్నిసార్లు హాజరయ్యారో, ఏం మాట్లాడారో అందులో కనిపిస్తుంది. కొత్త రోడ్డు మీద అనుమానముంటే పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో సహా తీసుకోవడానికి కూడా అదే చట్టం వీలు కల్పిస్తోంది. కాలనీ సంఘాలు వచ్చే సమావేశానికి ముందు ఎజెండా తెప్పించుకుని, తమ వార్డు అంశాల మీద రెండు ప్రశ్నలు రాసి కౌన్సిలర్ చేతికిస్తే, హాలులో లేచి అడగడానికి ఆ మనిషికి కావలసిన బలం అక్కడే దొరుకుతుంది.