దొరల ఉత్తరాలలో బానిసల పేర్లు

అమెరికాలోని జార్జియా రాష్ట్రం, లిబర్టీ కౌంటీ. పేరులోనే స్వేచ్ఛ ఉన్న ఆ నేలమీద మూడు తోటలకూ, వందమందికి పైగా బానిసలకూ యజమాని చార్లెస్ కాల్‌కాక్ జోన్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు. ఆ కుటుంబం 1854 నుంచి 1868 వరకు రాసుకున్న ఉత్తరాలు 1972లో ‘ది చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్’ గ్రంథంగా వెలువడ్డాయి. పంటలు, జ్వరాలు, పెళ్లిళ్లు, అంతర్యుద్ధంలో ఫిరంగిదళానికి వెళ్లిన పెద్దకొడుకు క్షేమసమాచారం, 1864 డిసెంబరులో షెర్మన్ సైనికులు ఇంట్లో చొరబడిన వైనం అన్నీ వాటిలో ఉన్నాయి. చదువుతుంటే ఆ ఇంటి దుఃఖం మనదైపోతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

బానిసలకు చదువు చెప్పడాన్ని 1829లోనే జార్జియా చట్టం నేరంగా ప్రకటించింది. జోన్స్ వారికి బైబిలును నోటిమాటగానే బోధించాడు. అక్షరం ఒక పక్షానే ఉన్నప్పుడు జ్ఞాపకమూ ఆ పక్షానే పోగుపడుతుంది. అయినా ఆ గోడకు బీటలు లేకపోలేదు. ఫీబీ, క్యాసియస్ దంపతులను ఆ ఆచార్యుడే అమ్మేశాడు. వారు చివరకు న్యూ ఆర్లియన్స్ చేరారు. అక్కడి నుంచి 1857లో వారి పేర పంపిన ఒక ఉత్తరం మిగిలింది. దాని నిండా వెనుక ఉండిపోయిన తమవారికి పేరుపేరునా పలకరింపులే.

2005లో చరిత్రకారుడు ఎర్‌స్కిన్ క్లార్క్ ‘డ్వెల్లింగ్ ప్లేస్’ గ్రంథంలో ఇలాంటి పేర్లను పట్టుకుని, ఆ దొరల కాగితాల నుంచే బానిస కుటుంబాల తరాల చరిత్రను తిరిగి అల్లాడు. ఆస్తి జాబితాలలో ధర కట్టిన పేర్లు అక్కడ అమ్మమ్మలుగా, మనవలుగా కనిపిస్తాయి.