పట్టాలు బాగుపడ్డాయి... మనసు సంగతేమిటి?
రైలు ప్రమాద బాధితులకు మానసిక చికిత్స ఎలా సాగుతుందంటే...

బొబ్బిలి: 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి. విశాఖపట్నం నుంచి బయలుదేరిన రాయగడ ప్యాసింజరు కంటకాపల్లి-అలమండ స్టేషన్ల మధ్య ముందు వెళుతున్న పలాస ప్యాసింజరును వెనుక నుంచి ఢీకొంది. 14 మంది మృత్యువాత పడ్డారు. సుమారు 50 మంది గాయపడ్డారు. మరునాటికే పట్టాలను సరిచేసి రాకపోకలు పునరుద్ధరించారు. బొబ్బిలి, పార్వతీపురం ప్రయాణికులు మళ్లీ అదే బండి ఎక్కారు. ఎక్కలేని వారూ ఉంటారు. వారి గురించి ఆలోచించేవారే తక్కువ.

ఈ మార్గానికి విషాదాలు కొత్త కావు. 2013 నవంబరు 2న గొట్లాం వద్ద నిప్పంటుకుందన్న వదంతితో బోగీల నుంచి దిగిన వారిపైకి మరో రైలు దూసుకువచ్చింది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది మరణించారు. 1990 నాటి రైల్వే పరిహార నిబంధనల పట్టికలో చెయ్యి పోతే ఎంత, కన్ను పోతే ఎంత అన్నది రాసి ఉంది. నిద్ర పోతే ఎంతో అందులో లేదు.

జడుపు వదలకపోతే...

ప్రమాదం నుంచి బయటపడిన వారిలో అధికులు కొద్ది వారాలలో తమంతట తామే తేరుకుంటారు. ‘జడుసుకున్నాడు’ అని పెద్దలు తాయెత్తు కట్టించడం, అయినవారు చుట్టూ చేరి గుండె దిటవు చేసుకోమనడం ఇక్కడి ఆనవాయితీ. దానిని తప్పుపట్టనక్కరలేదు. తొలి రోజులలో కావలసినది మనుషుల తోడే. అయితే జరిగినదంతా చెప్పమని బాధితుడిని పదేపదే ప్రశ్నించడం మేలు చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం దానిని సిఫార్సు చేయడం లేదు.

నెల దాటినా పీడకలలు వస్తుంటే, రైలు కూత వినగానే చెమటలు పడుతుంటే, స్టేషన్ వైపు వీధికే వెళ్లలేకపోతుంటే అది జడుపు కాదు, చికిత్స అవసరమైన స్థితి. మందులు రాసేది మానసిక వైద్యుడు. వారం వారం కూర్చోబెట్టి మాటలతో చికిత్స చేసేది శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు. చాలామందికి ఈ రెండవ వారు ఒకరున్నారనే తెలియదు.

ఈ చికిత్స ఓదార్పు కాదు. భయం కలిగించే దానిని తప్పించుకున్న ప్రతిసారీ తాత్కాలికంగా ఊరట కలుగుతుంది, భయం మాత్రం మరింత పాతుకుపోతుంది. చికిత్సలో ఈ వరుసను తిరగవేస్తారు. మొదటి ఒకటి రెండు భేటీలలో నమ్మకం కుదుర్చుకోవడం, ఊపిరిని అదుపులో పెట్టుకోవడం నేర్పుతారు. ఆపై భయాలను చిన్నవి మొదలు పెద్దవి వరకు కాగితంపై రాయిస్తారు. ఉదాహరణకు బొబ్బిలి వాసి అయితే తొలుత స్టేషన్ ప్లాట్‌ఫారంపై కొంతసేపు నిలబడడం, తరువాత ఆగి ఉన్న బోగీలో కూర్చోవడం, ఆపై ఒక్క స్టేషన్ దూరమున్న డొంకినవలస వరకు వెళ్లి రావడం, చివరకు సాయంకాలం బండిలో విజయనగరం ప్రయాణం. దీనితో పాటు ఆ రాత్రి జరిగిన దానిని కళ్లు మూసుకుని మొదటి నుంచి చివర వరకు పలుమార్లు చెప్పిస్తారు. ఆరంభంలో బాధ పెరిగినట్లు అనిపిస్తుంది. అక్కడే మానివేసేవారు ఎక్కువ. సాధారణంగా 8 నుంచి 15 భేటీలు పడతాయి.

దుఃఖం రోగం కాదు

ఆప్తుల్ని కోల్పోయిన వారి సంగతి వేరు. పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అంటూ మన పెద్దలు దుఃఖానికి ఏడాది గడువిచ్చారు. 2022లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఆరు నెలలు దాటినా దైనందిన జీవితాన్ని స్తంభింపజేసే దుఃఖాన్నే వ్యాధిగా లెక్కించింది. ఆయా సమాజాల ఆచారాలను మించి ఉంటేనే అన్న నిబంధనా పెట్టింది. మన సంవత్సరీకం లెక్క అంత పాతబడినదేమీ కాదన్నమాట.

ఇలాంటి దుఃఖంలో తరచు వినిపించేది అపరాధ భావన. ‘ఆ బండికి వెళ్లమన్నది నేనే’ అన్న మాట తల్లిని గాని, భర్తను గాని లోలోపల తినేస్తుంది. నీ తప్పేమీ లేదని బంధువులు వందసార్లు అన్నా అది తగ్గదు. చికిత్సకుడు ఆ మాటను కొట్టివేయడు. ఆ ఉదయం తెలిసినదేమిటి, తెలియనిదేమిటి అని విడదీసి చూపిస్తాడు. చనిపోయిన వారికి చెప్పలేకపోయిన మాటలను ఉత్తరంగా రాయిస్తాడు.

బిడ్డను పోగొట్టుకున్న దంపతులలో ఒకరు రోజూ ఏడవడం, మరొకరు నోరు మెదపకుండా పనిలో పడిపోవడం కద్దు. ‘నీకు ప్రేమే లేదు’ అన్న నింద అక్కడే పుడుతుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినప్పుడు ఆ మౌనమూ దుఃఖమేనని బయటపడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. బొబ్బిలి నుంచి ప్రతి వారం అంత దూరం వెళ్లడం కూలినాలి చేసుకునే వారికి తేలిక కాదు. రైలంటే భయపడే వారిని రైలెక్కి రమ్మనడం మరీ విడ్డూరం. ఇంటి నుంచే మాట్లాడదలచిన వారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు రేయింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పెళ్లి సంబంధాలు చెడతాయని వెనుకాడేవారు ఈ సంగతి తెలుసుకోవలసి ఉంది.